కంప కొట్టే డబ్బు ఎవరిది?

నెల్లూరు సీమలో ఊరి బయట, చెరువు కట్ట మీద, ఉప్పుకాలవ గట్టున, పులికాట్ ఒడ్డున ఎటు చూసినా కనిపించే ముళ్ళచెట్టును జనం చిల్లచెట్టు అంటారు. కొట్టి పడేస్తే అది చిల్లకంప. తెలంగాణ జిల్లాల్లోకి పోతే అదే చెట్టు సర్కారు తుమ్మ. తమిళులకు సీమై కరువేలం. గుజరాత్ పశువుల కాపరులకు గాండో బావళ్, అంటే పిచ్చి తుమ్మ. వృక్షశాస్త్రజ్ఞులు ప్రొసోపిస్ జూలిఫ్లోరా అని రాసుకున్నారు. ఒక చెట్టుకు ఇన్ని పేర్లుండటంలో వింత లేదు. ఐతే ఇందులో రెండు పేర్ల దగ్గర సాహిత్య విద్యార్థి కాసేపు ఆగాలి.

చిల్ల అనేది మన పాత చెట్టు పేరు. ఇండుప అని కూడా అంటారు. దాని గింజను అరగదీసి బురద నీళ్ళలో కలిపితే మడ్డి అడుక్కి దిగి నీరు తేటపడుతుంది. వెనకటి రోజుల్లో చాలా ఇళ్ళల్లో కుండ పక్కన చిల్లగింజ ఉండేది. ఇవాళ నెల్లూరు జిల్లాలో చిల్లచెట్టు అనగానే పిల్లవాడికి కాల్లో దిగే ముల్లు గుర్తొస్తుంది గాని, నీళ్ళను తేర్చే గింజ గుర్తు రాదు. నీటిని బాగుచేసే చెట్టు పేరు నీటిగుంటలను ఆక్రమించే చెట్టుకు పోయింది. మన నిఘంటువులు ఈ మార్పును ఇంకా సరిగా పట్టించుకున్నట్టు లేదు.

రెండో పేరు సర్కారు తుమ్మ. జనం ఇంత సూటిగా పెట్టిన పేరు మరొకటి అరుదు. ఆ చెట్టును తెచ్చింది సర్కారే. అది పుట్టింది మెక్సికో, కరీబియన్, దక్షిణ అమెరికా ఉత్తర భాగాల్లో. 1870ల్లో మద్రాసు రాజధానిలో అటవీ అధికారిగా ఉన్న బెడ్డోమ్ మెట్ట జిల్లాల్లో కట్టెల కరువు తీర్చడానికి ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని పై అధికారులకు రాశాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలను మన కడప జిల్లా కమలాపురంలో వేశారు. అది ధాత కరువు కాలం. తిండిగింజలు లేక జనం రోడ్ల మీద పడి చచ్చిపోతున్న సంవత్సరాల్లోనే కట్టెల కోసం విత్తనాలు ఓడెక్కి వచ్చాయి. ఆ రోజుల్లో రైలింజన్లు కూడా కట్టెల మీద నడిచేవని గుర్తు పెట్టుకుంటే, కట్టెల కరువు ఎవరి కరువో కొంత బోధపడుతుంది. స్వాతంత్ర్యం వచ్చాక మన అటవీశాఖలూ అదే దారిన నడిచాయి. చౌడు నేలల్లో, ఇసుక దిబ్బల మీద, చెరువు గట్ల మీద నాటించాయి. ఇప్పుడు దాన్ని పెరికించడానికి కూడా సర్కారు డబ్బే కావాలంటున్నారు. ఈ వ్యాసం విషయం ఆ డబ్బే.

అంతకు ముందు రచయితలకు ఒక చిన్న హెచ్చరిక. మన కథల్లో, కవితల్లో ముళ్ళకంప అనాదిగా ఉన్న కరువు చిహ్నంలా వస్తున్నది. పాళెగాళ్ళ కాలపు కథలో గుర్రం ఈ కంపలో చిక్కుకున్నట్టు ఎవరైనా రాస్తే అది చారిత్రకంగా తప్పు. ఆనాడు ఉన్నవి నల్లతుమ్మ, తెల్లతుమ్మ, జమ్మి. పాండవులు ఆయుధాలు దాచిన జమ్మి, ఈ సర్కారు తుమ్మ ఒకే కుటుంబానికి చెందిన దాయాదులు. జమ్మి తన నీడన పంటను పండనిస్తుంది. ఇది తన నీడన గడ్డిని కూడా బతకనివ్వదు.

ఇక నీటి నేలల సంగతి. పులికాట్ మన దేశంలో చిలకా తర్వాత అంతటి పెద్ద ఉప్పునీటి సరస్సు. పాత తెలుగు పేరు ప్రళయకావేరి. స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు' చదివిన వారికి ఆ దీవుల బతుకు, ఆ పలుకుబడి పరిచయమే. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణపు కొన తమిళనాడులో ఉంది. శ్రీహరికోట దీవి దానికీ బంగాళాఖాతానికీ మధ్య గోడలా నిలిచింది. కాళంగి, ఆరణి, స్వర్ణముఖి ఏళ్ళ నీళ్ళు ఇటునుంచి వస్తాయి. సముద్రపు నీరు ముఖద్వారాల గుండా అటునుంచి వస్తుంది. ఈ రెండు నీళ్ళ కలయిక మీదే రొయ్య, పీత, చేప, వాటిని తినే పక్షి, వాటిని పట్టే మనిషి ఆధారపడి ఉన్నారు. ఇంకాస్త ఉత్తరాన దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువు. 458.92 హెక్టార్ల పక్షుల రక్షిత స్థలం. 1976లో అలా ప్రకటించారు. నీళ్ళల్లో నిలబడి బతికే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లల్ని లేపుతాయి. పక్షుల రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్ళు పొలానికి ఎరువని చుట్టుపక్కల రైతులు నమ్ముతారు, పక్షుల్ని కాపాడుకుంటారు. 2022లో జిల్లాల విభజన జరిగి సూళ్ళూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలోకి పోయింది. కాగితం మీద గీత మారినా తీరం నెల్లూరు తీరమే.

ఈ నేలల్లోకి చిల్లచెట్టు ఎండ వైపునుంచి వస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్ళు నిలిచే చోట దాని మొలక నిలదొక్కుకోవడం కష్టం. ముఖద్వారాలు ఇసుకతో పూడిపోయి సరస్సు మట్టం తగ్గినప్పుడల్లా అంచు నేల బయటపడుతుంది. ఉప్పు తగిలినా చావని చెట్టు గనుక ఆ అంచును ముందుగా ఆక్రమించేది ఇదే. దాని కింద వండ్రు నిలుస్తుంది, నేల కొంచెం లేస్తుంది, మరో వరస మొలుస్తుంది. తీరం వెంట 1990ల మొదట్లో తవ్విన రొయ్యల గుంటల్లో చాలా భాగం తెల్లమచ్చ తెగులు వచ్చి దెబ్బతిన్నాయి. అలా వదిలేసిన గుంటల గట్లు కూడా దానికి అనువైన చోట్లే. అంచేత ముఖద్వారం పూడిక తీయడానికి ఒక శాఖ డబ్బు, కంప కొట్టడానికి మరో శాఖ డబ్బు అని విడదీసి లెక్కలు వేయడం మొదటి పొరపాటు. నీరు రానిచోట కంప కొట్టడం అంటే వచ్చే ఏడాది కంపకు చోటు చదును చేయడమే.

రెండో పొరపాటు చెట్టు స్వభావం తెలియకపోవడం నుంచి వస్తుంది. దాని కాయ తియ్యగా ఉంటుంది. మేకలు, పశువులు ఇష్టంగా తింటాయి. గింజ అరగదు. కడుపులోని ఆమ్లాలకు పైతొక్క మెత్తబడి, పేడలో పడ్డాక ఇంకా తొందరగా మొలుస్తుంది. తొక్క గట్టి గింజలు ఏళ్ళ తరబడి మట్టిలో పడి ఉండి వానకు లేస్తాయి. కాయలు కాలవ నీళ్ళ మీద తేలి దూరం పోతాయి. ఇంతకంటె ముఖ్యం, గొడ్డలితో నేల మట్టానికి నరికితే మొద్దునుంచి ఒక కొమ్మకు పది కొమ్మలు చిగురిస్తాయి. నరికిన చెట్టు ఒంటి మానుగా ఉండేది, మరుసటి ఏటికి పొద అవుతుంది. చావాలంటే వేరు మొదలుతో సహా పెకలించాలి. ఆ పైన కనీసం రెండు మూడేళ్ళు, వానలు పడ్డాక వచ్చి, లేచిన మొలకల్ని చేత్తో పీకాలి. ఆ ఖాళీ నేలలో గడ్డో, మడ మొక్కో, కడప మొక్కో నాటాలి. మొదటి ఏడు పెకలించే పనికి యంత్రం కావాలి. తర్వాతి ఏళ్ళ పనికి మనుషులు కావాలి. ఖర్చు స్వరూపం ఇది. ఇప్పుడు మన ప్రభుత్వాల సంచులు ఈ స్వరూపానికి సరిపోతాయా అని చూడాలి.

2005 నాటి ఉపాధి హామీ చట్టం కింద గ్రామాల్లో చెరువుల్లోను, సప్లయి కాలవల్లోను 'జంగిల్ క్లియరెన్స్' పేరిట కంప కొట్టించారు. చట్టం పేదల పక్షాన రాసింది గనుక కాంట్రాక్టర్లను రానివ్వలేదు. కూలీల పని పోగొట్టే యంత్రాలను వీలైనంత వరకు వద్దన్నది. అది న్యాయమే. కాని ఫలితం ఏమిటి? గడ్డపార, కత్తి పట్టుకున్న కూలీలు మండుటెండలో ముళ్ళలో దిగి పైభాగం కొట్టారు. మొద్దు మిగిలింది. కొలత పుస్తకంలో పని పూర్తి అయింది. రెండు వానలకు చెట్టు లేచింది. మళ్ళీ అదే చెరువుకు అదే పని మంజూరైంది. దీన్ని చూసి కూలీలు పని ఎగ్గొడుతున్నారని పట్నం పత్రికల్లో రాసినవారు ఉన్నారు. వేరు తీయడానికి డబ్బివ్వని అంచనా పత్రం తప్పు అది, గడ్డపార తప్పు కాదు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరో ఉపాధి చట్టం చేసింది. కూలి మొత్తం కేంద్రమే భరించే పాత పద్ధతి పోయి, మన వంటి రాష్ట్రాలు ఖర్చులో నూటికి 40 వంతులు పెట్టుకోవాలి. అప్పుల్లో ఉన్న రాష్ట్రం రోడ్డు వేసుకుంటుందా, ఉప్పునేలలో మొలకలు పీకిస్తుందా అన్నది ఎవరైనా ఊహించుకోవచ్చు.

రెండో సంచి కాంపా. అడవి భూమిని గనికో, రేవుకో, కారిడారుకో ఇచ్చినప్పుడు తీసుకున్నవారు ఆ అడవి విలువ లెక్కగట్టి డబ్బు కడతారు. ఆ డబ్బు ఏళ్ళ తరబడి ఢిల్లీలో పోగుపడింది. 2016లో చట్టం చేసి, 2018లో నిబంధనలు పెట్టి, 2019 ఆగస్టులో 47,436 కోట్ల రూపాయలు రాష్ట్రాలకు పంచారు. వన్యప్రాణుల ఆవాసాలను బాగుచేయడానికి దీన్ని వాడవచ్చు. కంప తీయడానికి చేతిలో ఉన్నవాటిలో పెద్ద సంచి ఇదే. ఐతే దీని పుట్టుక చూడండి. ఒకచోట అడవి పోతేనే మరోచోట చెట్టు తీయడానికి డబ్బు వస్తుంది. ఎంత ఎక్కువ నాశనమైతే అంత నిధి. పైగా అటవీశాఖలు మొదటినుంచీ నాటిన మొక్కల లెక్క చెప్పడానికి అలవాటు పడ్డాయి. ఇన్ని లక్షల చెట్లు తీశాం అని చెప్పుకోవడం వాటికింకా చేతకాదు. మూడోది కేంద్ర జలావరణ పరిరక్షణ పథకం. 1980ల నాటి చిత్తడి నేలల కార్యక్రమాన్ని, సరస్సుల కార్యక్రమాన్ని కలిపి 2013లో చేశారు. ఇందులోనూ రాష్ట్రం తన వాటా పెడితేనే కేంద్రం వాటా కదులుతుంది. మడ అడవుల కోసం 2023 బడ్జెట్లో ప్రకటించిన 'మిష్టి' పథకానికి సొంత సంచి పెద్దగా లేదు. ఉపాధి పథకం నుంచి కొంత, కాంపా నుంచి కొంత తీసి కలుపుకోమన్నారు.

ఇంకొక చట్టపు చిక్కు ఉంది. చెరువు గట్టు మీది కంపకు ధర ఉంది. బొగ్గుకు పోతుంది, ఇటుక బట్టీకి పోతుంది, కట్టెల మీద నడిచే చిన్న విద్యుత్ కేంద్రాలకు పోతుంది. అక్కడ సర్కారు పైసా పెట్టకుండా వేలం వేసి లాభపడుతుంది. కాని రక్షిత స్థలం లోపల తీసిన కర్ర విషయంలో 1972 వన్యప్రాణి చట్టం 29వ సెక్షను అడ్డు నిలుస్తుంది. చుట్టుపక్కల జనం తమ ఇంటి అవసరానికి వాడుకోవచ్చు, వ్యాపారానికి వాడరాదు. అడవిని వ్యాపారులనుంచి కాపాడడానికి పెట్టిన మంచి నిబంధన అది. కాని దాని మూలంగా నేలపట్టు వంటి చోట్ల పని మొత్తం ప్రజాధనం మీదే జరగాలి. 2022 సవరణలో విదేశీ దురాక్రమణ జాతులు అనే మాటను చట్టంలోకి తెచ్చి, వాటి దిగుమతిని, వ్యాప్తిని అదుపు చేసే అధికారం కేంద్రానికి ఇచ్చారు. డబ్బు ఊసు మాత్రం అందులో లేదు.

అన్నిటికంటె విచిత్రమైనది పంచాంగం తగవు. సర్కారు సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చితో ముగుస్తుంది. మంజూరైన డబ్బు చేతికి వచ్చేసరికి తరచుగా జనవరో ఫిబ్రవరో అవుతుంది. మార్చి నెలాఖరులోగా ఖర్చు పెట్టకపోతే మురిగిపోతుంది. నెల్లూరు తీరానికి పెద్ద వానలు అక్టోబరునుంచి డిసెంబరు దాకా పడతాయి. నేల తడిగా ఉండి వేరు తేలిగ్గా వచ్చే కాలం ఆ తర్వాతి రెండు నెలలు. సరిగ్గా అప్పుడే నేలపట్టులో గూళ్ళ నిండా పిల్లలుంటాయి. గూడు కింద యంత్రం నడిపితే తల్లి లేచిపోతుంది. పక్షులు వెళ్ళాక ఎండాకాలంలో పని పెట్టుకుంటే కాయలు పండి రాలే కాలం. కాయలతో కూడిన కంపను ఈడ్చుకుపోవడం అంటే దారి పొడుగునా విత్తనం చల్లడం. మిగిలింది జులైనుంచి సెప్టెంబరు దాకా ఉన్న చిన్న సందు. ఆ సందులో చేతిలో డబ్బుండదు. అంచేత పని తప్పు నెలలో జరుగుతుంది, లేదా జరగదు. దీనికి కొత్త శాస్త్రం అక్కర్లేదు. ఆర్థిక సంవత్సరంతో ముడిపెట్టని మూడేళ్ళ మంజూరు ఒకటి చాలు. రేవులకు, రోడ్లకు అయిదారేళ్ళ మంజూరులు ఇస్తున్న ఖజానాకు ఇది తెలియని విద్య కాదు.

సూళ్ళూరుపేటలో 2001లో ఫ్లెమింగోల పండుగ మొదలుపెట్టారు. మధ్యలో కొన్నేళ్ళు ఆగి, 2025 జనవరిలో మళ్ళీ జరిగింది. పండుగ వద్దనను. పట్నం పిల్లలు పక్షిని చూడటం మంచిదే. కాని సాంస్కృతిక కార్యక్రమాలకు దొరికినంత తేలిగ్గా ఆ పక్షి నిలబడే బురద నేలకు డబ్బు దొరకదన్నది మాత్రం చెప్పక తప్పదు.

ఇక అసలు మనిషి దగ్గరికి రావాలి. ప్రకృతి ప్రేమికులు రాసే వ్యాసాల్లో తరచుగా తప్పిపోయేది ఇతనే. ఈ తీరంలో చిల్లకంప మీద బతికేవారు చాలామంది. ముఖ్యంగా యానాదులు. 1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక, దీవిలో అడవి ఫలం మీద, చేప మీద బతికిన యానాది కుటుంబాలు తమ చోటు విడిచి పెట్టవలసి వచ్చింది. తీరమంతటా వారికి భూమి లేదు. కంప కొట్టి బొగ్గు కాల్చడం వారికి దొరికిన పనుల్లో ఒకటి. షావుకారు ముందుగా కొంత అప్పిస్తాడు. కుటుంబమంతా బట్టీ దగ్గర గుడిసె వేసుకుని, చేతులకు ముళ్ళు గుచ్చుకుంటూ, పొగ మింగుతూ ఆ అప్పు తీరుస్తుంది. తీరదు. వెట్టిచాకిరి నిషేధ చట్టం 1976లోనే వచ్చింది. అలాగే ఊళ్ళో గ్యాసు బండ కొనలేని ముసలమ్మ పొయ్యి కూడా ఈ కట్టెతోనే మండుతున్నది. కంప అంతా ఒక్క సంవత్సరంలో యంత్రాలతో తీసేసి, ఆ కర్రను పెద్ద కాంట్రాక్టరుకు అప్పగిస్తే, పక్షికి చోటు రావచ్చు, యానాదికి కూడు పోతుంది. చెట్టు ఉండాలనడం కాదు నా ఉద్దేశం. ఆ చెట్టు కర్ర విలువ ఎవరికి పోవాలి, ఆ తర్వాతి మూడేళ్ళ మొలకలు పీకే కూలి ఎవరికి రావాలి అన్నదే ప్రశ్న. ఆ రెండూ వారికే రావాలి.

ఇది కేవలం కోరిక కాదు. రాజస్థాన్‌లో భరత్‌పూర్ దగ్గరి కేవలాదేవ్ పక్షుల వనంలో 2007 ప్రాంతాన చుట్టు గ్రామాల జనమే వచ్చి వేళ్ళతో సహా ఈ చెట్లు తవ్వారు. కూలికి బదులు కర్ర తీసుకుపోయారు. వేరు కూడా మంచి కట్టె గనుక మొద్దు మిగల్లేదు! మొలకలు మాత్రం మళ్ళీ లేచాయి, ఎందుకంటే మొలకకు కట్టె విలువ లేదు. మొలక పీకడానికి ప్రజాధనం తప్పదని ఇది చెబుతుంది. గుజరాత్ బన్నీ గడ్డిభూముల్లో 2004లో బొగ్గు మీద నిషేధం ఎత్తేస్తే లారీలకు లారీలు బొగ్గు పోయింది గాని చెట్టు పోలేదు. బొగ్గు వ్యాపారికి రేపటి చిగురు కూడా సరుకే. దక్షిణాఫ్రికాలో మండేలా ప్రభుత్వం 1995లో 'నీటికోసం పని' అనే పథకం పెట్టి, నీళ్ళు తాగే విదేశీ చెట్లను తీసే పనిని పేదలకు, ముఖ్యంగా ఆడవాళ్ళకు కూలిపనిగా ఇచ్చింది. పేదరిక నిర్మూలన డబ్బును, నీటి డబ్బును ఒకే పనిలో కలిపిన ఆలోచన అది. తిరిగి వచ్చి మొలకలు తీయనిచోట్ల అక్కడా చెట్లు లేచాయన్న విమర్శలూ వచ్చాయి.

మన తమిళ సోదరులు కోర్టుకెక్కారు. 2017లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి సీమై కరువేలం తీసేయమని జిల్లాలకు ఆదేశాలిచ్చింది. శాస్త్రీయ పరిశీలన లేకుండా పెకలిస్తున్నారన్న వాదన మీద అదే ఏడు హైకోర్టు దాన్ని ఆపింది. 2022లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దురాక్రమణ మొక్కల మీద ఒక విధానం ప్రకటించింది. కెన్యాలో బరింగో సరస్సు పక్కన పశువుల కాపరులు 2006లో ప్రభుత్వం మీదే దావా వేశారు. ఈ చెట్టు తీపి కాయలు తిని పళ్ళూడిన మేకను సాక్ష్యంగా కోర్టుకు తోలుకుపోయారు. నాటింది మీరు, నష్టం కట్టవలసింది మీరు అన్నది వారి వాదన. సర్కారు తుమ్మ అని మనవాళ్ళు ఒక్క మాటలో అన్నదీ అదే. చైనాలో 1979లో తీరం కోత ఆపడానికి అమెరికా నుంచి స్పార్టినా గడ్డి తెచ్చి సర్కారే నాటించింది. అది బురద మైదానాలను కమ్మేసింది. 2022నుంచి 2025 దాకా గడువు పెట్టి దాన్ని తీయించే కార్యక్రమం కూడా సర్కారే చేపట్టింది.

2023లో అంతర్జాతీయ జీవవైవిధ్య వేదిక ఇచ్చిన నివేదిక లెక్క ప్రకారం, ఇలాంటి పరాయి జాతుల మూలంగా ప్రపంచానికి 2019లో జరిగిన నష్టం 42,300 కోట్ల డాలర్లకు పైమాటే. ఆ మొత్తంలో వాటిని అదుపు చేయడానికి పెట్టిన ఖర్చు నూటికి 8. మిగిలిన 92 వంతులూ ప్రకృతికీ, జనానికీ జరిగిన నష్టం. సర్కారు దగ్గర డబ్బు లేదని ఎవరైనా అంటే ఈ 92 చూపించాలి. ఖర్చు ఎలాగూ జరుగుతూనే ఉంది. ఖజానా పుస్తకంలో రాయకుండా జాలరి వలలోను, మేకల కాపరి మందలోను రాస్తున్నారు.

సారా ఆదాయం సర్కారుకు కావాలంటే మా కాపురాల లెక్క ఎవరు కడతారని 1992లో దూబగుంట ఆడవాళ్ళు అడిగిన జిల్లా ఇది. పులికాట్ పక్కనో, నేలపట్టు పక్కనో కంప తీసే పని మంజూరైందని పత్రికలో చదివినప్పుడు, ఆ ప్రాంతపు రచయితలు అంచనా పత్రం ఒకసారి తెప్పించి చూడాలి. సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పని. అందులో ఎన్ని హెక్టార్లు తీస్తారో ఉంటుంది. వేరు తీస్తారా, పైకొమ్మ కొడతారా అన్నది ఉందా? పని ఏ నెలలో అని ఉందా? కర్ర ఎవరికి అని ఉందా? రెండో ఏడు, మూడో ఏడు మొలకలు పీకే కూలీల దినాలు ఎన్ని అన్న గడి ఉందా, ఉంటే అందులో అంకె ఉందా, గీత ఉందా?